శ్రావణికి: కారుకి జీపీఎస్ కొనేముందు ఇవి చూసుకో

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన లింకులన్నీ తెరిచి చూశాను. ఫీనిక్స్‌లో ఆఫీసుకీ, సరుకులకీ, గుడికీ వెళ్లడానికైతే నీకు వేరే జీపీఎస్ అక్కర్లేదు, ఫోన్ చాలు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఊళ్లో ట్రాఫిక్ సంగతి ఫోన్‌కి తెలిసినంతగా ఈ పరికరాలకి తెలియదు. కానీ నువ్వు అడుగుతున్నది మీ అమ్మానాన్న వచ్చాక వాళ్లని తీసుకుని గ్రాండ్ కాన్యన్, పేజ్ ఊరు, మాన్యుమెంట్ వ్యాలీ తిరగడం గురించి కదా. ఫ్లాగ్‌స్టాఫ్ దాటి నవాజో నేషన్, అంటే నవాజో తెగవాళ్ల సొంత ప్రాంతం, లోపలికి వెళ్లాక చాలాచోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, ఆ ప్రాంతం ఏమైనా చిన్నదా అంటే వైశాల్యంలో మన తెలంగాణలో సగానికి మించే ఉంటుంది. నువ్వు కొనేది అలాంటి చోటు కోసం. అందుకని ప్రతి ఫీచర్ దగ్గరా ఒక్కటే అడుగు: సిగ్నల్ లేనప్పుడు ఇది నాకు పనికొస్తుందా? రాదంటే దానికి డబ్బులు పెట్టకు.

ఇది ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే షాపువాళ్లు చెప్పేవాటిలో ఏది అవసరమో నీకే అర్థమవుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి, నీ పరికరం వాటి సంకేతాలు వింటుందంతే, తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే నువ్వెక్కడున్నావో లెక్కకట్టేస్తుంది. సిమ్ అక్కర్లేదు, నెలనెలా బిల్లు ఉండదు. ఆకాశం తెరిపిగా కనిపించేచోట ఏ కంపెనీదైనా కొద్ది మీటర్ల తేడాతో నీ స్థానం చూపిస్తుంది, కాబట్టి మాది ఎక్కువ కచ్చితం అని అట్టపెట్టె మీద రాసుకున్న దాన్ని చూసి కొననక్కర్లేదు. తేడా అంతా మ్యాప్‌లో ఉంటుంది. నువ్వెక్కడున్నావో చెప్పేది ఉపగ్రహం, నీ ముందు రోడ్డు ఉందో లేదో చెప్పేది మాత్రం పరికరంలో ఎక్కించిన మ్యాప్. ఈ రెండూ వేరువేరు అన్నది గట్టిగా గుర్తుపెట్టుకో, మిగతా ఉత్తరమంతా దాని మీదే నడుస్తుంది.

ఫోన్‌లోనే గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా అని నీ ఫ్రెండ్స్ అంటున్నారని రాశావు. చేసుకో, తప్పకుండా చేసుకో, పరికరం కొన్నా సరే చేసుకో, ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. అయితే నువ్వు ఏ మేరకు డౌన్‌లోడ్ చేశావో అంతవరకే అది దారి చెబుతుంది, అనుకోకుండా పక్క రాష్ట్రంలోకి మళ్లితే ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. ఇంకో సంగతి ఎండ. 2023లో మీ ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 సెల్సియస్, లేదా ఆ పైన ఎండ కాసింది. అలాంటి ఎండలో అద్దానికి ఫోన్ తగిలించి, అదే చార్జింగ్‌లో పెట్టి, దాన్నే దారి అడిగితే అది వేడెక్కి వెలుతురు తగ్గించేస్తుంది, లేదంటే చల్లబడేదాకా పనిచేయనని మొండికేస్తుంది. పైగా ఏదైనా అయితే అత్యవసర నంబరు 911కి చేయాల్సింది ఆ ఫోన్‌తోనే. దాని చార్జింగ్ దారి కోసం ఖర్చయిపోకూడదు. నా దృష్టిలో వేరే జీపీఎస్ కొనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఇక ఏది కొనాలి. అమెరికాలో కారుకి విడిగా దొరికేవాటిలో ఎక్కువగా కనిపించేది గార్మిన్. అందులో కార్ల కోసం డ్రైవ్, డ్రైవ్‌స్మార్ట్ అని ఉంటాయి, ఇప్పటి మోడళ్లలో మొదటి అంకె తెర ఎన్ని అంగుళాలో చెబుతుంది: డ్రైవ్ 53 అయిదు, డ్రైవ్‌స్మార్ట్ 66 ఆరు, 76 ఏడు, 86 ఎనిమిది. తెర పెద్దదయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. నీది చిన్న కారు, ఎనిమిది అంగుళాలది పెడితే రోడ్డుకే అడ్డం. అయిదు అంగుళాల దాంట్లో అక్షరాలు చిన్నవి, ముందు సీట్లో కూర్చుని అడ్రస్ కొట్టేది మీ నాన్న, వాడికి కళ్లజోడు తీసి పెట్టుకోవడంతోనే సరిపోతుంది. ఆరో ఏడో తీసుకో. షాపుకి వెళ్లి చేత్తో ముట్టుకుని చూడు, తక్కువ ధరవాటిలో కొన్నిటి తెర ఫోన్‌లా తాకితే పలకదు, నొక్కాలి.

లారీలకీ, ఆర్‌వీలకీ (లోపలే వండుకుని పడుకునే పెద్ద బండ్లు) వేరే మోడళ్లు ఉంటాయి, బండి ఎత్తు, బరువు చెబితే దాటగలిగే వంతెనల మీదుగా దారి చూపిస్తాయి, ఖరీదూ ఎక్కువే. ఎప్పుడైనా ఆర్‌వీ అద్దెకి తీసుకుంటే ఆలోచిద్దువుగాని. డాష్‌క్యామ్ కలిపి ఇచ్చేవి, ఫోన్ మెసేజీలు తెర మీద చూపించేవి నీకొద్దు.

మ్యాప్ సంగతి మాత్రం తీరిగ్గా చూడు. మొదట, మ్యాప్‌లో ఏయే దేశాలున్నాయి: ఒక్క అమెరికానా, కెనడా, మెక్సికో కూడానా? రేపు నయాగరాకి కెనడా వైపు నుంచి వెళ్దామంటే అప్పుడు మళ్లీ మ్యాప్ కొనాల్సి రాకూడదు. రెండోది, అప్‌డేట్లు ఉచితమా. లైఫ్‌టైమ్ అని రాసి ఉంటే నీ జీవితకాలం అని కాదు, ఆ పరికరం పనిచేసినంత కాలం, కంపెనీ దానికి మ్యాపులు ఇస్తున్నంత కాలం అని అర్థం. మూడోది, అప్‌డేట్ ఎలా ఎక్కుతుంది. వైఫై ఉన్న మోడలైతే రాత్రి ఇంట్లో ప్లగ్‌కి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది, లేనిదైతే కంప్యూటర్‌కి వైరు తగిలించి ఎక్కించాలి. వైఫై ఉన్నదానికి నేను ఇరవై ముప్ఫై డాలర్లు ఎక్కువైనా ఇస్తాను, ఎందుకంటే కష్టమైన పనిని మనం వాయిదా వేస్తూ పోతాం, ఆ లోపల మ్యాప్ పాతబడిపోతుంది.

పాతవి ఎవరో నలభై డాలర్లకి ఇస్తామన్నారని రాశావే, అవి వద్దు. జీపీఎస్‌లో వారాల లెక్క 1024 వారాలు నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కిందటిసారి 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేయని పాత పరికరాల్లో తేదీ తప్పు చూపించేవి ఉంటాయి. తేదీ తప్పితే ఎన్ని గంటలకి చేరతావో అన్నదీ నమ్మలేం. పైగా ఇప్పటి మ్యాపు పాతదాని మెమరీలో పట్టకపోవచ్చు, మెమరీ కార్డు కొనాలి. బ్యాటరీ కూడా చచ్చిపోయి ఉంటుంది. కొత్తవాటికే బ్యాటరీ గంట దాకా వస్తే గొప్ప, ఎప్పుడూ కారు చార్జర్‌కి తగిలించే వాడాలి. ఆ చార్జర్ వైరు మాత్రం డబ్బాలో వచ్చిందే వాడు. కొన్ని మోడళ్లలో ట్రాఫిక్ సమాచారం అందుకునే యాంటెన్నా ఆ వైరులోనే ఉంటుంది, ఇంట్లో ఉన్న ఇంకో వైరు పెడితే చార్జ్ అవుతుంది గానీ ట్రాఫిక్ రాదు.

బిగించే చోటు గురించి. అరిజోనాలో డ్రైవ్ చేస్తూ ఫోన్ చేత్తో పట్టుకోకూడదు, 2021 జనవరి నుంచి జరిమానాలు వేస్తున్నారు, మొదటిసారి 75 నుంచి 149 డాలర్లు. కాలిఫోర్నియా వెళ్తే అద్దం మీద ఎక్కడ పెట్టాలన్నదానికీ చట్టం ఉంది: డ్రైవర్ వైపు కింది మూలలో అయిదు అంగుళాల చదరంలో, లేదా అవతలి వైపు కింది మూలలో ఏడు అంగుళాల చదరంలో పట్టాలి. ఎక్కడైనా సరే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట పెట్టకు. నాకైతే డాష్‌బోర్డు మీద కదలకుండా కూర్చునే బరువైన దిండు లాంటి స్టాండ్ నచ్చుతుంది, అద్దం మీద గుండ్రటి మచ్చ పడదు. ఆ మచ్చ చూసి లోపల జీపీఎస్ ఉందని అద్దం పగలగొట్టేవాళ్లు ఉంటారు. కారు దిగినప్పుడల్లా పరికరం తీసి సంచిలో వేసుకో, ఎండకీ మంచిదే. హోమ్ అన్నచోట నీ అపార్ట్‌మెంట్ అడ్రస్ పెట్టకు, పక్కనున్న గ్యాస్ స్టేషన్‌దో (పెట్రోల్ బంకు) లైబ్రరీదో పెట్టు. దొంగ చేతికి చిక్కితే నువ్వు ఊళ్లో లేవని, ఇల్లెక్కడో కూడా నువ్వే చెప్పినట్టు కాకూడదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. గ్రాండ్ కాన్యన్ అని కొట్టగానే వచ్చిన మొదటి పేరు నొక్కెయ్యకు. సౌత్ రిమ్, నార్త్ రిమ్ అంటే ఆ లోయకి దక్షిణపు అంచు, ఉత్తరపు అంచు, ఎదురెదురుగా ఉంటాయి, పక్షిలా ఎగిరితే పది మైళ్లు, కారులో అయితే రెండు వందల మైళ్ల పైన. అద్దాల వంతెన ఉన్న గ్రాండ్ కాన్యన్ వెస్ట్ మళ్లీ వేరు, అది హువాలపై తెగవాళ్ల భూమి, నేషనల్ పార్క్‌లోదే కాదు. మనవాళ్లు వేగస్ వచ్చినప్పుడు ఎక్కువగా చూసొచ్చేది దాన్నే, అక్కడి ఫొటోలు చూసి మీ అమ్మ అదే అడిగిందేమో ముందు కనుక్కో. దారి పడ్డాక మొత్తం మైళ్లు, గంటలు చూడు: ఫీనిక్స్ నుంచి సౌత్ రిమ్‌కి 230 మైళ్లు అటూ ఇటూగా రావాలి. నాలుగు వందలు అని చూపిస్తే తప్పు చోటు ఎంచుకున్నావన్నమాట.

సెట్టింగుల్లో తక్కువ దూరం అని కాకుండా తక్కువ సమయం అని పెట్టు. తక్కువ దూరం అంటే అది ఏ మట్టిరోడ్డయినా ఎక్కించేస్తుంది. మట్టిరోడ్లు వద్దు అనే ఆప్షన్ వేరే ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఉంచు. మాన్యుమెంట్ వ్యాలీలో 17 మైళ్ల చుట్టు దారి మట్టిదే, అక్కడికి వెళ్లాక మాత్రం తీసెయ్యి, వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ పెట్టు. నేషనల్ పార్కులవాళ్లు తమ సైట్లలో అక్షాంశ రేఖాంశాలు ఇస్తుంటారు, వాటిని కొట్టడం పేరు కొట్టడం కన్నా నయం. అయితే అమెరికాలో రేఖాంశం పడమర, అంకె ముందు మైనస్ గానీ డబ్ల్యూ గానీ పెట్టాలి. మనకి చిన్నప్పటి నుంచి తూర్పు అలవాటు. అది మర్చిపోతే డెత్ వ్యాలీ కాస్తా చైనాలో తేలుతుంది.

డెత్ వ్యాలీ అంటే గుర్తొచ్చింది, వేసవిలో మీ అమ్మానాన్నతో అక్కడికి మాత్రం వద్దు తల్లీ. 1913 జూలై 10న 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైన చోటు అది. అక్కడి పార్కువాళ్లే జీపీఎస్‌ని నమ్ముకుని రావద్దని హెచ్చరిస్తారు. ఎప్పుడో మూసేసిన గనుల దారులు, మనిషి తిరగని బాటలు కొన్ని మ్యాపుల్లో రోడ్లుగా ఉండిపోయాయి, వాటిని పట్టుకుని వెళ్లి ఇసుకలో దిగబడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, జీపీఎస్ చావు అని రేంజర్లు ఒక మాటే పుట్టించారు. అలాంటిచోట్ల పరికరం నువ్వున్న చోటు సరిగ్గానే చూపిస్తుంది, లేనిది రోడ్డే. తార్రోడ్డు మట్టిరోడ్డయితే, మట్టిరోడ్డు సన్నబడుతుంటే, అది ఏం చెప్పినా ఆగు, వచ్చిన దారినే వెనక్కి తిరుగు. పది మైళ్లు వెళ్లిపోయాం, ఇంకెంత ముందుకే పోదాం అని అనుకోవద్దు. పార్కు గేటు దగ్గర ఇచ్చే కాగితం మ్యాపు పడెయ్యకు, ట్రిపుల్ ఏ (అక్కడి కార్లవాళ్ల సంఘం) సభ్యత్వం ఉంటే రాష్ట్రం మొత్తం మ్యాపు ఉచితంగా ఇస్తారు, తెచ్చి కారులో పెట్టుకో.

టైం గురించి ఒక చిన్న మాట. వేసవిలో గడియారం గంట ముందుకి జరిపే వేసవి సమయాన్ని మీ అరిజోనా పాటించదు, నవాజో నేషన్ పాటిస్తుంది, పేజ్ దగ్గర ఫోన్ పక్క రాష్ట్రమైన యూటా టవర్ పట్టుకుని గంట ముందుకి జరిగిపోతుంది. పేజ్ దగ్గరున్న యాంటిలోప్ కాన్యన్ టికెట్ల మీద ఉండేది అరిజోనా టైం. అక్కడ ఫోన్ గడియారం చూసి కంగారుపడకు.

ఇంకోటి, దీన్ని ఇండియాకి తీసుకెళ్లకు. ఇందులోని మ్యాపు అక్కడ పనిచేయదు సరే, అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, జీపీఎస్ పరికరాలు మన దేశంలోకి తేవద్దని అమెరికా ప్రభుత్వమే తన ప్రయాణికులని హెచ్చరిస్తోంది. ముఖ్యంగా ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే ఇన్‌రీచ్ లాంటివి. ట్రెక్కింగ్ చేసే నీ ఫ్రెండ్ దగ్గర ఉందన్నావుగా, తనకీ చెప్పు, సూట్‌కేసులో మర్చిపోయి హైదరాబాద్‌లో దిగితే ఎయిర్‌పోర్టులోనే చిక్కు.

మీవాళ్లు రావడానికి నెల ముందే కొను. తేగానే ఆరుబయట కాసేపు ఆన్ చేసి ఉంచు, మొదటిసారి ఉపగ్రహాలని పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మొదటి వారం ఆఫీసుకి దాంతోనే వెళ్లు, దారి నీకు తెలుసు కాబట్టి అది ఎంత ముందుగా మలుపు చెబుతుందో, ఎగ్జిట్ దగ్గర ఏ లేన్ చూపిస్తుందో అలవాటవుతుంది. ఒకరోజు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి సెడోనా దాకా వెళ్లి రా. నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువు ఎన్నాళ్లో బిల్లు మీద చూసుకుని ఆ లోపలే ఇదంతా చెయ్యి.

మోడల్ ఏది అనుకున్నావో, ఏ తేదీల్లో వెళ్తున్నారో రాయి. కామెరన్, ట్యూబా సిటీ, కయెంటాలో గ్యాస్ పోయించుకునేలా ఒక్కో రోజుకి ఎంత దూరమో నేను లెక్కవేసి పంపిస్తాను, అవి నువ్వే పరికరంలో ముందే సేవ్ చేసుకుందువుగాని.

ఇట్లు,
పెదనాన్న