ఇన్ని ఆంక్షలున్నా ఉత్తర కొరియాలో కిమ్ పాలన ఎందుకు కూలలేదు?

మా అనంతపురంలో కరువొస్తే పేపర్లో పడుతుంది, కలెక్టరేట్ ముందు ధర్నా జరుగుతుంది, ఎన్నికల్లో లెక్క తేలుతుంది. అక్కడ పేపర్లు సర్కారువే, ఎన్నికలు పేరుకే. అందుకే 1990ల కరువులో లక్షల మంది పోయినా కిమ్ కుటుంబం కుర్చీ కదల్లేదు. ఉన్న సరుకు ముందు సైన్యానికి, రాజధాని ప్యాంగ్యాంగ్ పెద్దలకు పోతుంది. వాళ్లలో ఎవరిమీదైనా అనుమానమొస్తే వదలరు. 2013లో కిమ్ జోంగ్ ఉన్ సొంత మేనత్త మొగుణ్నే చంపించాడు.

2006 నుంచి ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి, నిజమే. కానీ మామూలు రోజుల్లో విదేశీ వ్యాపారం 90 శాతానికి పైగా చైనాతోనే. పక్కింట్లో గొడవ లేస్తే తన గడపకే వస్తుందని చైనా ఆ తలుపు పూర్తిగా మూయదు.

రేషన్ ఆగినప్పుడు జనాన్ని బతికించింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు నడిపిన సంతలే. సర్కారు మొదట చూసీ చూడనట్టు వదిలేసింది, తర్వాత మన సంతల్లోలాగే సుంకం వసూలు మొదలెట్టింది.