సర్వర్ల మెట్రిక్స్ (కొలతలు) సేకరించి దాచే టూల్ ప్రొమీథియస్‌లో డేటా ఎన్ని రోజులు ఉంచాలి, డిస్క్ నిండిపోకుండా ఎలా?

మీరేం సెట్ చేయకపోతే ప్రొమీథియస్ 15 రోజులే ఉంచుతుంది, తర్వాత పాత బ్లాకులు (డేటా ముక్కలు) దానంతటదే తీసేస్తుంది. పెంచాలంటే రిటెన్షన్ టైమ్ ఫ్లాగ్‌లో (డేటా ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే సెట్టింగ్) 30 రోజులని ఇవ్వండి, కానీ ముందు డిస్క్ లెక్క చూసుకోండి, ఒక్కో శాంపిల్‌కి (ఒక రీడింగ్‌కి) సుమారు 1 నుంచి 2 బైట్లు పడుతుంది, అంటే సెకనుకి 10,000 శాంపిల్స్ వస్తుంటే 30 రోజులకి దాదాపు 52 జీబీ దాకా కావాలి.

దాంతోపాటు రిటెన్షన్ సైజ్ (డేటా ఎంత సైజ్ దాకా ఉండాలో చెప్పే లిమిట్) కూడా పెట్టండి, ఇది మాత్రం వదిలేయొద్దు ప్లీజ్. రెండూ ఉంటే ఏ లిమిట్ ముందు దాటితే అది పనిచేస్తుంది, ఒక్కసారిగా మెట్రిక్స్ పెరిగినా డిస్క్ నిండి సర్వర్ ఆగిపోదు. సైజ్ మొత్తం డిస్క్‌లో 80 శాతం దగ్గర ఆపండి.

ఏడాది ట్రెండ్స్ కావాలంటే థానోస్ (ప్రొమీథియస్ డేటాని ఎక్కువ కాలం దాచే టూల్) లాంటిది పెట్టి పాత డేటాని 5 నిమిషాలకి, 1 గంటకి ఒక్కో పాయింట్ ఉండేలా డౌన్‌శాంపిల్ చేసుకోవడం (కుదించుకోవడం) బెటర్.