‘కోట్లు’ ఎప్పుడు, ‘కోట్ల’ ఎప్పుడు?

సందేహం: 12,34,56,789 అనే సంఖ్య ధర్మాల గురించి పిల్లల కోసం రాస్తూ ‘పన్నెండు కోట్లు ముప్పై నాలుగు లక్షలు యాభై ఆరు వేలు ఏడు వందలు ఎనభై తొమ్మిది’ అన్నాను. ‘ఈ సంఖ్య 9ని భాగిస్తుంది’ అని కూడా రాశాను. రెండూ తప్పేనని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: నిజమే. మొదటిది చెవికి ఇబ్బంది, అంతే. రెండోది లెక్కనే తిరగేస్తోంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

భాగించేది ఏది, దేన్ని భాగిస్తున్నాం అన్నది తెలుగులో విభక్తి చెబుతుంది. మీరు ‘ని’ని 9కి తగిలించారు. అంటే పన్నెండు కోట్ల పైచిలుకు సంఖ్యతో తొమ్మిదిని భాగిస్తే శేషం రాదని అర్థం! ‘9 ఈ సంఖ్యను భాగిస్తుంది’ అనాలి. ‘9 చేత భాగించబడుతుంది’ అనే వాక్యం పాఠాల్లో కనిపిస్తూనే ఉంటుంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, పిల్లలకు ఆ ‘బడు’ బరువు దేనికి? ‘9తో భాగిస్తే శేషం మిగలదు’ అంటే హాయిగా ఉంటుంది. పక్కనే కారణమూ చెప్పేయొచ్చు: అంకెలన్నీ కూడితే 45, అది 9కి గుణిజం. ఈ తొమ్మిది అంకెల్ని ఏ వరుసలో పేర్చినా మొత్తం మారదు కాబట్టి, అలా వచ్చే సంఖ్యల్లో ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

‘దీని ప్రధాన కారణాంకాలు 3, 3607, 3803’ అనొచ్చు. అయితే 3 రెండుసార్లు వస్తుందని విడిగా రాయాలి: 3 × 3 × 3607 × 3803.

ఇక చదవడం. బహువచనం ‘లు’ మరో పదాన్ని ఆనుకుని దాని ముందు నిలిస్తే ‘ల’ అవుతుంది: పుస్తకాలు, పుస్తకాల సంచి. సంఖ్యలకూ అదే పద్ధతి. పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. మీరు రాసినట్టు చదివితే ఒక సంఖ్యలా కాక, విడివిడి మొత్తాల చిట్టాలా వినిపిస్తుంది. సంఖ్య అక్కడితో ఆగితే మాత్రం ‘లు’ నిలుస్తుంది: పన్నెండు కోట్లు, పన్నెండు కోట్ల ముప్పై లక్షలు. విభక్తి కూడా చివరి మాటకే: ‘...ఏడు వందల ఎనభై తొమ్మిదిని 9తో భాగిస్తే 1,37,17,421 వస్తుంది’.

ఆ జవాబును చదివేటప్పుడు ఇంకో చిక్కుంది. ఒక్క కోటికి బహువచనం లేదు కనుక ‘ల’ రాదు, దీర్ఘం వస్తుంది. కోటీ ముప్పై ఏడు లక్షల పదిహేడు వేల నాలుగు వందల ఇరవై ఒకటి. లక్షకూ ఇంతే: లక్షా ఇరవై వేలు. వందకు దారి వేరు, అది ‘నూట’ అవుతుంది: నూట ఇరవై.