గడ్డి వంతెన అల్లే రోజుల్లో కానాస్ వెళ్లాలంటే

ప్రశ్న: పెరూలో క్వెచువా అనే ఆండీస్ కొండజాతి గ్రామస్థులు ఏటా గడ్డితో అల్లే క్వెస్వచాకా వంతెన చూడాలనుంది. పండుగ రోజు ఒక్కటీ వెళ్తే చాలదా?

జవాబు: చాలదు. కుస్కో ప్రాంతంలోని కానాస్ ప్రావిన్సులో, అపూరిమాక్ నది మీద ఈ వంతెన ఉంది. సాధారణంగా జూన్ రెండో వారంలో మూడు రోజులు పని, నాలుగో రోజు పాటలు, నాట్యాలు. ఆఖరి రోజు వెళ్తే మిగిలేది ఫొటోలే. మొదటి రోజు పొద్దున్నే అక్కడుండండి.

ఎండిన కొండగడ్డిని అలాగే పేనితే పుటుక్కున తెగుతుంది. అందుకే రాళ్లతో దంచి, నీళ్లలో నానబెడతారు. ఆడవాళ్లు దాన్ని అరచేతుల మధ్య పెట్టి పేనుతారు. పాయ సన్నబడుతుంటే కొత్త పరకలు జొనుపుతూ పోతారు. ఇంటింటి నుంచీ వచ్చిన ఆ సన్నతాళ్లను మగవాళ్లు కలిపి మెలేసి, మూడు పాయల జడల్లా లావు మోకులు అల్లుతారు. నడవడానికి నాలుగు, చేతిపట్టుకు రెండు. రెండో రోజు వాటిని లోయకు అడ్డంగా లాగి బిగిస్తారు. నాలుగూ ఒకే బిగువున లేకపోతే నడక దారి పక్కకు ఒరుగుతుంది, అందుకే గంటలకొద్దీ లాగుతారు. మూడో రోజు వంతెన మేస్త్రీలు మోకుల మీదే కూర్చుని, రెండు ఒడ్డుల నుంచీ పక్కలు అల్లుకుంటూ మధ్యకు వస్తారు. చూడాల్సింది ఇదే!

ఏటా ఎందుకంటారా? ఎండకూ వానకూ గడ్డి చివికిపోతుంది. కరోనా వల్ల 2020లో కొత్తది అల్లలేదు, 2021 మార్చిలో పాతది కూలిపోయింది. ఆ జూన్‌లోనే మళ్లీ నిలబెట్టారు.

పని సాగుతుండగా ఆడవాళ్లు వంతెన దగ్గరికి రాకూడదన్నది అక్కడి కట్టుబాటు. యాత్రికులైన మహిళలూ దాన్ని మన్నించి పై వాలు నుంచి చూడాలి.

ప్రశ్న: దారి, ఎత్తు సంగతి?

జవాబు: కుస్కో నుంచి కొంబపాతా, యానావోకా మీదుగా మూడు నాలుగు గంటలు. కుస్కో 3,400 మీటర్లు, యానావోకా దాదాపు 3,900. విమానం దిగి తిన్నగా బయల్దేరవద్దు. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడేలా ముందు రెండు మూడు రాత్రులు కుస్కో దగ్గర్లోని ఉరుబంబ లోయలో, 2,900 మీటర్ల దగ్గర గడపండి. తలనొప్పి, వాంతులుంటే ఇంకా పైకి వెళ్లకండి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్ర వాడాలంటే ముందే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పక చెప్పండి. జూన్ రాత్రులు గడ్డకట్టే చలి. పెరూ డబ్బు సోల్, దాని చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

ప్రశ్న: పలకరింపు ఎలా?

జవాబు: క్వెచువా భాషలో పెద్దాయన్ని ‘తైతై’, పెద్దావిడను ‘మామాయ్’ అనండి. కృతజ్ఞత చెప్పడానికి ‘సుల్పైకి’. ఫొటో మాత్రం అడిగాకే.