పాడి రైతుల ప్రశ్నలు: గడ్డి కట్టలు, తేమ, ప్లాస్టిక్ చుట్టు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గరి పల్లె. నాలుగు ఎకరాల వరి, నాలుగు గేదెలు, రెండు ఆవులు ఉన్నాయి. కూలీలు దొరకక నిరుడు తొలిసారి కోత యంత్రంతో కోయించాను. మర్నాడు పొద్దున్నే బేలర్ రావడంతో గడ్డిని గుండ్రటి కట్టలుగా కట్టించి, పశువుల సాల పక్కన నేల మీదే పేర్చి, పైన టార్పాలిన్ కప్పాను. నెల తిరక్కుండానే లోపలి గడ్డి నల్లబడి ముక్కవాసన వేసింది. గేదెలు మూతి కూడా పెట్టలేదు. ఈసారి కట్టలకు ప్లాస్టిక్ చుట్టిస్తే చెడిపోవని బేలర్ అతను చెబుతున్నాడు. చుట్టించమంటారా? మా నాన్నగారు వేసిన మేటు (గడ్డివాము) రెండేళ్లున్నా ఇలా కాలేదు.

జవాబు: చుట్టించకండి. మీ గడ్డి పైనుంచి పడిన వానకు పాడు కాలేదు, కట్టిన నాడే లోపల ఉండిపోయిన తేమకు పాడైంది. దానికి ప్లాస్టిక్ కూడా చుట్టి ఉంటే ఆ తేమ బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోయేది.

వరి కోతకు వచ్చేసరికి గింజ పండుతుంది గాని కర్ర ఇంకా పచ్చిగానే ఉంటుంది. చేత్తో కోసే రోజుల్లో పనలను మూడు నాలుగు రోజులు మడిలోనే ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చి, ఆ తరువాతే మేటు వేసేవారు కాబట్టి, గడ్డి ఆరడానికి కావలసిన గడువు ఆ పనుల వరుసలోనే దొరికేది. యంత్రం ఆ వరుసనంతా ఒక్క పూటకు కుదించింది. గడ్డి ఆరడానికి పట్టే కాలాన్ని మాత్రం అది తగ్గించలేదు. పైగా మీరు కట్టించింది పొద్దున్న. మన జిల్లాల్లో విశాఖ, అనూరాధ కార్తెల్లో రాత్రి కురిసే మంచు బారెడు పొద్దెక్కినా గడ్డి మీద నిలిచే ఉంటుంది. కర్రలోని పచ్చి, పైనున్న మంచు, రెండూ కలిసి కట్టలోకి వెళ్లాయి.

ఎండుగడ్డిని కట్ట కట్టాలంటే అందులో తేమ నూటికి 15 వంతులకు అటూ ఇటూ ఉండాలి. 20 దాటితే బూజు పట్టడం దాదాపు ఖాయం. బూజు, సూక్ష్మజీవులు గడ్డిని తింటూ వేడిని పుట్టిస్తాయి. వదులుగా పరచిన గడ్డిలో అయితే ఆ వేడి గాలికి పోతుంది, బిగించి చుట్టిన కట్టలో మధ్యకు చేరి గడ్డిని ఉడకబెడుతుంది. మీరు చూసిన నల్లరంగు ఆ ఉడుకుదే. తేమ కొలిచే పరికరం లేకపోయినా పరీక్షకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, కర్ర కణుపును గోటితో గీరి చూడడం. ఆకు గలగలమంటున్నా కణుపు చివరిదాకా తడిని దాచుకుంటుంది. గీరినచోట చెమ్మ తగిలితే ఇంకో రోజు ఆగాలి. రెండవది, బాగా ఎండిన గాజు సీసాలో చిన్న ముక్కలుగా కత్తిరించిన గడ్డిని సగం వరకు వేసి, పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు గుప్పెడు కలిపి, మూత బిగించి కాసేపు కుదిపి చూడడం. ఉప్పు పొడిపొడిగా రాలితే కట్టవచ్చు; గడ్డలు కట్టినా, గాజుకు అంటుకున్నా తేమ 15 దాటిందన్నమాట.

ఈ ఏడాది యంత్రం కోసిన గడ్డిని కనీసం మూడు ఎండలు ఆరనివ్వండి, మధ్యలో ఒకసారి తిరగెయ్యండి. కట్టే పని పదకొండు గంటల తరువాత మొదలుపెట్టించి, సాయంత్రం చల్లబడకముందే ఆపించండి. బేలర్ అతనికి నాలుగు ఊళ్ల తొందర ఉంటుంది, నిజమే; కాని నష్టపోయే గడ్డి అతనిది కాదు, కనుక వేళ విషయంలో మీరు గట్టిగా నిలబడాలి.

ఇక మేటు సంగతి. మేటు వేయడం తెలిసిన మనిషి పై వరుస గడ్డిని తాటాకు కప్పులాగా కిందికి వాలేటట్టు పరుస్తాడు. వాన దాని మీదుగా జారిపోతుంది. ఇరవై కిలోల చిన్న కట్టకు ఆ వాలు ఉండదు. నీరు చుట్ల మధ్య నుంచి లోపలికి దిగుతుంది, కిందివైపు నుంచి నేల చెమ్మను పీలుస్తుంది. కాబట్టి తాటిదుంగలో, పాత కర్రలో పరిచి, నేలకు జానెడు ఎత్తున పేర్చండి. టార్పాలిన్‌ను కట్టలకు ఆనించకుండా, మధ్యలో వాసం వేసి రెండు వైపులా వాలుగా కట్టండి; చివరలు తెరిచి ఉంచితే లోపలి ఆవిరి బయటికి పోతుంది. మొదటి మూడు వారాలు రోజూ ఒక ఇనుప చువ్వను కట్టల మధ్యకు గుచ్చి, పావుగంట తరువాత తీసి పట్టుకుని చూడండి. చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే లోపల వేడి 60 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నట్టే. అప్పుడు పక్కన నీళ్లు సిద్ధంగా పెట్టుకునే కట్టలను విడదీయాలి, ఎందుకంటే లోలోపల రాజుకుంటున్న గడ్డికి ఒక్కసారిగా గాలి తగిలితే మంట లేచే ప్రమాదం ఉంది. అగ్గిపుల్ల గీయకుండానే గడ్డివాములు తగలబడడానికి ఇదొక కారణం.

మిగిలిన నల్లగడ్డిని ఎండబెట్టి మళ్లీ మేపుదామని దయచేసి ఆలోచించకండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు చలికాలంలో తోక కొన, చెవులు, గిట్టల పైభాగం చచ్చుబడి కుళ్లే దెగ్నాలా వ్యాధి వస్తుంది. కొన్ని బూజుల విషం పాలలోకి కూడా దిగుతుంది. ఆ గడ్డికి పెంటకుప్పే సరైన చోటు.

ప్రశ్న: గజపతినగరం వైపు ఎనిమిది ఆవులతో పాడి నడుపుతున్నాను. వానాకాలంలో గట్ల మీద, బీళ్లలో పచ్చిగడ్డి తినగలిగినదానికన్నా ఎక్కువ దొరుకుతుంది. మాఘం దాటితే పరక ఉండదు. పచ్చిగడ్డిని గుండ్రంగా చుట్టి ప్లాస్టిక్ వేస్తే నెలల తరబడి నిలుస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. పై జవాబులో వద్దన్న ప్లాస్టిక్ మీకు పనికివస్తుంది, ఎందుకంటే మీరు దాచేది ఎండుగడ్డి కాదు, పాతరగడ్డి. ఇంట్లో తరవాణి కుండ ఎలా పులుస్తుందో, గాలి తగలకుండా మూసిన పచ్చిగడ్డి కూడా అలాగే పులుస్తుంది. గడ్డిలోని తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి, ఆ పులుపు కుళ్లు రాకుండా కాపాడుతుంది. కొరియాలో వరి కోతల తరువాత పొలాల నిండా తెల్లటి గుండ్రటి మూటలు కనిపిస్తాయి. అవి పచ్చి ఆరకముందే చుట్టి పులియబెట్టిన వరిగడ్డే.

అయితే ఈ పద్ధతికి తేమ 50 నుంచి 60 వంతుల మధ్య ఉండాలి. కోసిన వెంటనే గడ్డిలో దాదాపు 80 వంతులు నీరే ఉంటుంది. అలాగే చుట్టితే రసం కారి, పులుపు చాలక కుళ్లుతుంది. మంచు ఆరిన తరువాత కోసి, మంచి ఎండలో నాలుగైదు గంటలు వాడనివ్వండి. గుప్పెడు గడ్డిని మెలిపెడితే నీరు కారకూడదు, చెయ్యి మాత్రం తడి కావాలి. పచ్చికీ ఎండుకీ మధ్య, 20 నుంచి 40 వంతుల తేమలో ఉన్న గడ్డే అన్నిటికన్నా ప్రమాదకరం: ఎండుగడ్డిలా నిలవదు, పాతరగడ్డిలా పులవదు. నాకు వచ్చే ఉత్తరాల్లో చెడిపోయిందన్న గడ్డి చాలావరకు ఈ మధ్యలోదే. వాన ముసురు పట్టిన వారంలో మొండిగా కోసి వాడబెట్టాలని చూడకండి; రెండు రోజుల తెరిపి కోసం ఆగండి, గడ్డి కాస్త ముదిరినా ఫరవాలేదు.

కట్టను వీలైనంత బిగువుగా చుట్టించాలి, లోపల గాలి ఎంత తక్కువైతే అంత మేలు. చుట్టిన రోజే, వీలైతే రెండు మూడు గంటల్లోనే ప్లాస్టిక్ వేయించాలి. ఇందుకు వాడేది కిరాణా కొట్లో దొరికే పల్చటి కవరు కాదు. సాగదీస్తూ చుట్టే, ఎండకు తట్టుకునే 25 మైక్రాన్ల ఫిల్ము. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పుతూ, ఎక్కడ చూసినా కనీసం ఆరు పొరలు ఉండాలి. నాలుగు పొరలతో సరిపెడతానంటే ఒప్పుకోకండి, మన ఎండలకు అవి ఆగవు. ప్లాస్టిక్ వేసే పని మేత నిలవ ఉంచే చోటే చేయించండి, వేసిన తరువాత దొర్లిస్తే చిరుగులు పడతాయి. పచ్చికట్ట అదే కొలత ఎండుకట్టకు రెండు మూడింతలు బరువు తూగుతుంది కనుక ఎత్తడానికి ఇద్దరైనా కావాలి, కొక్కేలు మాత్రం వాడకూడదు. ఎలుకలు, కాకులు పెట్టే చిన్న రంధ్రం చాలు, దాని చుట్టూ బూజు పాకుతుంది. వారానికోసారి చూసి, కనిపించిన రంధ్రాన్ని తుడిచి అంటుపట్టీ వేయండి.

ఆరు వారాల తరువాత విప్పవచ్చు. మంచి పాతరగడ్డి పసుపు కలిసిన ఆకుపచ్చగా, తరవాణిలా కమ్మటి పులుపు వాసనతో ఉంటుంది. విప్పిన కట్టను రెండు రోజుల్లో మేపెయ్యాలి, కాబట్టి మీ ఎనిమిది ఆవులకు చిన్న కట్టలే సరైనవి. ఒక్క మాట: మీరు పెంచేది లావు కాడల సూపర్ నేపియర్ గడ్డి అయితే ఈ పద్ధతి వద్దు. ఆ కాడలు ఫిల్మును లోపలి నుంచి పొడుస్తాయి. దాన్ని ముక్కలు చేసి, మూత బిగిసే డ్రమ్ముల్లో తొక్కి నింపడమే మేలు.

ప్రశ్న: వరి కోతకు రెండు రోజుల ముందు మినుములు చల్లడం మాకు అలవాటు. బేలర్ నడిపిస్తే మొలకలు పోతాయా? (చీపురుపల్లి మండలం నుంచి)

జవాబు: పోతాయి. కోత యంత్రం బరువు ఒకసారి, ట్రాక్టరు, బేలర్ బరువు ఇంకోసారి తడిమడి మీద పడితే చక్రాల చాళ్లలో మినుము లేవదు. పైగా గడ్డి మూడు రోజులు వరుసగా పడి ఉంటే కింద మొలక పాలిపోతుంది. మినుము చల్లే మడులను చేత్తోనే కోయించి, పనలను గట్టు మీదికో కల్లానికో చేర్చి, నూర్చిన గడ్డిని కల్లంలోనే బారుగా పరచి అక్కడ బేలర్‌తో చుట్టించడం నా దృష్టిలో సరైన దారి. బేలర్‌ను మొక్కజొన్న వేసే మడులకు, ఖాళీగా వదిలే మడులకు ఉంచుకోండి. గడ్డి మొత్తం అమ్మేసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: టన్ను వరిగడ్డితో పాటు సుమారు 15 కిలోల పొటాషియం పొలం దాటిపోతుంది. ఇంట్లోనే మేపితే పెంట రూపంలో చాలావరకు తిరిగి వస్తుంది.

ప్రశ్న: కట్టలు విప్పకుండానే యూరియా నీళ్లు పోసి మాగబెట్టవచ్చా?

జవాబు: వద్దు, నీరు మధ్యకు చేరదు, పైగడ్డిలో యూరియా ఎక్కువై పశువుకు హాని జరుగుతుంది. కట్టలను విప్పి, 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరపొరగా పరుస్తూ సమంగా చల్లి, తొక్కి, ప్లాస్టిక్‌తో గాలి చొరకుండా 21 రోజులు మూసి ఉంచండి. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా గడ్డిని మెత్తబరుస్తుంది, 3, 4 శాతం ఉండే మాంసకృత్తులను సుమారు రెట్టింపు చేస్తుంది. మేపేముందు గంటసేపు గాలికి ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. కరిగించిన నీళ్ల బకెట్టును పశువులకు అందేచోట ఒక్క నిమిషం కూడా వదలకండి, అవి తాగితే ప్రాణం పోతుంది.

కట్ట విప్పేటప్పుడు తాడు సంగతి కూడా చూసుకోవాలి. బేలర్లలో నారతాడు బదులు ప్లాస్టిక్ తాడు వాడకం పెరిగింది. అది పశువు కడుపులో అరగదు, బయటికీ రాదు, ఉండకట్టి దారి మూసేస్తుంది. సాల గుంజకు ఒక మేకు కొట్టి, ఎన్ని కట్టలు విప్పితే అన్ని తాళ్లు దానికి తగిలించండి. సాయంత్రం లెక్క చూసి ఒకటి తక్కువైతే గాడిలో వెతకండి.