ర్యామ్ పెరగదు, కార్డు దూరదు.. 1,86,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌పై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తూ, వీడియో ఎడిటింగ్ చేస్తూ బతుకుతున్నాను. నాలుగు నెలల కిందట గుంటూరులో ఒక షోరూమ్‌లో ‘ప్రొఫెషనల్ క్రియేటర్ల కోసం’ అని ప్రకటించిన ల్యాప్‌టాప్‌ను 1,86,000 రూపాయలకు కొన్నాను. ఫొటోగ్రాఫర్లు తెచ్చే మెమరీ కార్డు పెట్టడానికి స్లాటే లేదు. ఉన్నవి రెండే టైప్-సి పోర్టులు, ఒకటి చార్జింగ్‌కే పోతుంది. కుడివైపు కంట్రోల్ మీట తీసేసి ఏఐ మీట పెట్టారు. బ్యాటరీ గమ్‌తో అతికించారట. 16 జీబీ ర్యామ్ చాలుతుందా అని కొనేముందే అడిగాను. ‘తర్వాత 32 అప్‌గ్రేడ్ అవుద్ది సార్’ అని సేల్స్ కుర్రాడు నోటితో చెప్పాడు, వాట్సాప్‌లో కూడా పెట్టాడు. తీరా సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ర్యామ్ బోర్డుకే అతికి ఉంది, మార్చడం కుదరదన్నారు. ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేసే ఎక్స్‌పోర్ట్ అరగంట పెడితే వేడెక్కిపోయి వేగం సగానికి పడిపోతోంది. జాబ్ షీట్ మీద ‘డిజైన్ ప్రకారమే ఉంది, లోపం లేదు’ అని రాసిచ్చారు. నా పాత 58 వేల ల్యాప్‌టాపే నయమనిపిస్తోంది. బిల్లు స్టూడియో పేరున, జీఎస్టీ నంబరుతో ఉంది. డబ్బు వెనక్కి వచ్చే దారి ఉందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బాధ నాకు కొత్త కాదు. నా టేబుల్ మీది ల్యాప్‌టాప్‌కి కూడా ఎప్పుడూ ఒక డాంగిల్, అంటే లేని పోర్టుకు బదులు తగిలించుకునే అడాప్టర్, వేలాడుతూ ఉంటుంది. క్లయింటు పెన్‌డ్రైవ్ తెచ్చిన రోజే అది కనిపించకుండా పోతుంది. అయినా నేను కేసు వేయలేదు. ఆ పోర్టు లేదని పెట్టె మీదే రాసి ఉంది, చదువుకోనిది నేనే.

మీ కేసులో మొదట తేల్చుకోవలసింది కూడా ఇదే. వస్తువు మనకు నచ్చకపోవడం వేరు, అందులో లోపం ఉండటం వేరు. ఆపిల్ కంపెనీ 2016లో మ్యాక్‌బుక్ ప్రోలోంచి హెచ్‌డీఎంఐ పోర్టునూ కార్డు స్లాటునూ తీసేసింది. ఫొటోగ్రాఫర్లు తిట్టని తిట్టు లేదు. చివరికి 2021లో కంపెనీయే వాటిని తిరిగి పెట్టింది. అది కోర్టు చెబితే చేసిన పని కాదు. అదే కాలంలో వచ్చిన సన్నటి ‘బటర్‌ఫ్లై’ కీబోర్డు సంగతి అలా కాదు. కాస్త దుమ్ము పడితే అక్షరం రెండుసార్లు పడేది, లేదా అసలు పడేది కాదు. దాని మీద అమెరికాలో కొనుగోలుదారులు 2018లో దావా వేస్తే, కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. రెండూ డిజైన్ నిర్ణయాలే. పోర్టు లేదని కొనేటప్పుడే కంటికి కనిపిస్తుంది. కీబోర్డు చెడిపోతుందని కనిపించదు.

ఆ లెక్కన మీ కార్డు స్లాటు, కంట్రోల్ మీట, పోర్టుల ఫిర్యాదులను పక్కన పెట్టేయండి. షోరూమ్‌లో వస్తువు మీ చేతిలోకి వచ్చినప్పుడే అవి లేవు. నోటీసులో వాటిని ఏకరువు పెడితే ‘ఈయనకు మోడల్ నచ్చలేదు, అంతే’ అని అవతలి లాయరు తేలిగ్గా కొట్టిపారేస్తాడు. బ్యాటరీ కూడా ఇప్పటికి అంతే. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి వాడేవాళ్లే బ్యాటరీ తీసి మార్చుకునేలా వస్తువులు తయారు చేయాలన్న నిబంధన వస్తోంది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) పేరిట కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. కానీ గమ్‌తో అతికించినందుకు కంపెనీని నిలదీసే చట్టం మన దగ్గర లేదు.

మీకు నిజమైన బలం ర్యామ్ దగ్గర ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతూ, వ్యాపారి వస్తువు గురించి ఏ రూపంలో చెప్పుకున్నా సరే, ఆ ప్రమాణానికి తగ్గితే లోపమే అంటుంది. ‘ఏ రూపంలోనైనా’ అన్నమాట చాలా విలువైనది. బ్రోషరే కానక్కర్లేదు, వాట్సాప్ మెసేజ్ కూడా చెప్పుకోవడమే. లేని గుణం ఉందని చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి కూడా. పైగా మీరు ర్యామ్ చాలుతుందా అని ముందే అడిగి, వాళ్ల మాట నమ్మి కొన్నారు. ఏ పనికి కొంటున్నారో కూడా చెప్పి ఉంటే, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 16 కూడా మీ పక్షాన నిలుస్తుంది. కాకపోతే ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ కావాలని మీరే అడిగి తీసుకున్నారని షాపు వాదిస్తే అది బలహీనపడుతుంది. అందుకే చాట్‌లో ‘నాకు ఆల్బమ్, వీడియో పనికి కావాలి, ఏది బాగుంటుంది’ అని మీరు అడిగినట్టు ఎక్కడైనా ఉందేమో వెతకండి.

సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఆ కాగితం చూసి మీకు కోపం వచ్చింది కదా. నాకైతే అది బంగారం. ర్యామ్ మార్చడం డిజైన్ ప్రకారం కుదరదని కంపెనీ మనిషే రాసిచ్చినట్టే. దాని పక్కన ‘అప్‌గ్రేడ్ అవుద్ది సార్’ మెసేజ్ పెడితే, షాపు మాట అబద్ధమని రుజువు చేసే పని సగం తీరినట్టే. ర్యామ్ మార్చడం కుదరదన్న సంగతి జాబ్ షీట్‌లో స్పష్టంగా లేకపోతే, ఒక ఈ-మెయిల్ పెట్టి అడగండి, జవాబు రాతలో తెప్పించుకోండి. అయితే ఆ మాట చెప్పింది షాపు, కంపెనీ కాదు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చినా, ర్యామ్ విషయంలో ప్రధానంగా జవాబు చెప్పుకోవలసింది షోరూమే.

వేడెక్కి వేగం తగ్గడం దగ్గర జాగ్రత్తగా నడవాలి. పలచటి బాడీలో శక్తిమంతమైన ప్రాసెసర్ పెడితే వేడి బయటికి పోదు, కాలిపోకుండా ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ప్రకటనలో గిగాహెర్ట్జ్ అంకె ముందు ‘గరిష్ఠంగా’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంపెనీ దాని వెనకే దాక్కుంటుంది. కాబట్టి అడగాల్సింది ‘వేగం ఎందుకు తగ్గింది’ అని కాదు, ‘ఇదే మోడల్ ఇంకొకటి కూడా ఇంతే తగ్గుతుందా’ అని. అదే మోడల్ ఉన్నవాళ్లెవరైనా దొరికితే, రెండిట్లోనూ అదే క్లిప్, అవే సెట్టింగులు, చార్జర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. వాళ్లది 22 నిమిషాల్లో అయి మీది 40 పట్టిందనుకోండి, మీ పీస్‌లోనే తయారీ లోపం ఉంది, వారంటీలో బాగుచేసో, మార్చో తీరాలి. రెండూ 40 పడితే మీ పోరాటం ప్రకటన మీద. ‘గంటల తరబడి ఎడిటింగ్’ లాంటి హామీ ప్రకటనలో ఉంటేనే అది నిలబడుతుంది. కేసు విచారించే వినియోగదారుల కమిషన్ అవసరమనుకుంటే 2019 చట్టం సెక్షన్ 38 కింద వస్తువును ల్యాబ్‌కి పంపుతుంది. ఆ ఫీజు మీరే ముందు కట్టాల్సి రావచ్చు. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్న కేసు ఐదు నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఇంటర్నెట్‌లో చదివి చాలామంది ‘ప్రొడక్ట్ లయబిలిటీ కింద డిజైన్ లోపానికి పరిహారం’ అని అడుగుతుంటారు. వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యత వహించడమే ప్రొడక్ట్ లయబిలిటీ. సెక్షన్ 84లో డిజైన్ లోపం అన్న మాట ఉన్నది నిజమే. కానీ అదే చట్టం సెక్షన్ 2(22)లో ‘హాని’ అంటే ఏమిటో చెబుతూ, ఆ వస్తువుకే జరిగిన నష్టాన్నీ, వ్యాపార నష్టాన్నీ తీసేసింది. బ్యాటరీ పేలి చెయ్యి కాలితే ఆ దారి. ఎక్స్‌పోర్ట్ ఆలస్యమై పెళ్లివాళ్లు తిడితే ఆ దారి కాదు. మీరు వెళ్లాల్సింది సెక్షన్ 35 కింద మామూలు ఫిర్యాదుతోనే.

ఇక జీఎస్టీ బిల్లు. అవతలివాళ్లు మొదట పట్టుకునేది దీన్నే. ‘వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుడే కాదు’ అంటారు. భయపడకండి. సొంతంగా పనిచేసుకుంటూ జీవనోపాధి కోసమే వాడుకునే వస్తువును చట్టం వ్యాపార ప్రయోజనంగా చూడదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఇచ్చిన ఉదాహరణల్లో టైప్‌రైటర్ ఒకటి. డబ్బు తీసుకుని ఇతరులకు టైపు చేసిపెట్టినా, ఆ మిషన్ మీద తనే కూర్చుని బతుకు సంపాదించుకునేవాడు వినియోగదారుడే. ఒకరిద్దరు సాయంగా ఉన్నంత మాత్రాన ఆ హోదా పోదనీ చెప్పింది. మీ ల్యాప్‌టాప్ ఈ కాలపు టైప్‌రైటరే కదా! అయితే దాని ముందు జీతానికి పెట్టుకున్న కుర్రాణ్ణి కూర్చోబెట్టి మీరు ఆర్డర్లు చూసుకుంటుంటే మాత్రం వాదన తలకిందులవుతుంది. ఉపాధి కోసం నేనే వాడుతున్నానన్న వాక్యం ఫిర్యాదులో తప్పనిసరిగా ఉండాలి. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే దాచొద్దు. కట్టిన 18 శాతం పన్ను అలా వెనక్కి వచ్చాక, ఆ భాగాన్ని మళ్లీ షాపు దగ్గర అడగడం బాగుండదు.

ముందు షోరూముకీ కంపెనీకీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి. చాలా షోరూములు అక్కడే దిగి వస్తాయి. రాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. కొన్న నాటి నుంచి రెండేళ్లు దాటనివ్వకండి.

ఏం అడగాలి? నాలుగు నెలలు వాడుకున్నారు కాబట్టి మొత్తం 1,86,000 వెనక్కి వస్తుందని ఆశపెట్టలేను. ఫిర్యాదులో డబ్బు వాపసు అడుగుతూనే, ప్రత్యామ్నాయంగా అదే మోడల్ 32 జీబీది ఇవ్వమని అడగండి. ధరలో తేడా షాపు భరించాలనండి. నేను మీ స్థానంలో ఉంటే, తేడాలో సగం షాపు పెట్టుకుంటానన్నా సంతకం చేసి బయటపడతాను. పెళ్లిళ్ల సీజన్ పోగొట్టుకుని గెలిచే కేసు ఎవరికి కావాలి? పోయిన ఆర్డర్లకు పరిహారం అడుగుతారా, అడగండి, కానీ రద్దయిన అడ్వాన్సు రసీదులు చేతిలో ఉంటేనే.

ఈలోగా ఎవరైనా లోకల్ మెకానిక్ ‘బోర్డు మీద చిప్పులు మార్చి 32 చేసిపెడతా’ అంటే ఒప్పుకోవద్దు. వారంటీతో పాటు సాక్ష్యమూ పోతుంది. ఆ వాట్సాప్ చాట్‌ను ఇవాళే ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.