చర్చిల్ చుట్ట కథ ముందూ వెనకా

ప్రశ్న: నేను పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నాను. కెనడా ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ పేరెత్తితే చాలు, మా బ్యాచ్‌లో అందరూ ఆయన చర్చిల్ నోట్లోంచి చుట్ట పీకేసిన కథే చెప్తారు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. అంతటి మనిషిని ఆ ఒక్క పనితో గుర్తుపెట్టుకోవడం న్యాయమేనా? ఆయన్ని చూసి అసలు నేర్చుకోవాల్సింది ఏమిటి?

జవాబు: న్యాయం కాదమ్మా. కథ నిజమే గానీ మనదాకా వచ్చింది మధ్య ముక్క ఒక్కటే.

1941 డిసెంబరు 30. ఒట్టావాలో, కెనడా పార్లమెంటులో ప్రసంగం ముగించుకుని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ స్పీకర్ గదిలోకి వచ్చారు. ఫొటో తీస్తారని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒక్కసారిగా లైట్లు వెలిగేసరికి చిరాకుపడ్డారు. చుట్ట వెలిగించుకుని, సరే, ఒక్కటి తీసుకో అన్నారు. కార్ష్ యాష్‌ట్రే పట్టుకుని నిలబడ్డారు. చర్చిల్ చుట్ట వదల్లేదు. కార్ష్ కెమెరా దగ్గరికి వెళ్లి అన్నీ ఇంకోసారి చూసుకుని, వెనక్కి వచ్చి, 'క్షమించండి సర్' అంటూ చుట్ట తీసేశారు. తిరిగి కెమెరా దగ్గరికి చేరేసరికి ఎదుటి మనిషి మింగేసేలా చూస్తున్నారు. అదే మనందరికీ తెలిసిన ఫొటో.

ఇక దాని ముందు సంగతి. ఆ గదిలో లైట్లు, కెమెరా ముందురోజు సాయంత్రమే వచ్చి పెట్టుకున్నారు కార్ష్. అప్పటికి ఆయన వయసు 33. ఆ ఒక్క క్షణం ఎటు తిరిగినా వెలుగు ఎక్కడ పడాలో తేల్చుకుని ఉన్నారు కాబట్టే, చెయ్యి చాచే ధైర్యం వచ్చింది. ఏర్పాటు లేకుండా మనం అదే పని చేస్తే మిగిలేది ఎదుటివాళ్ల కోపం, మసకబారిన ఫొటో. తర్వాతి సంగతి కూడా విను. చర్చిల్ నవ్వి, ఇంకొకటి తీసుకోమన్నారు. గర్జించే సింహాన్ని కూడా కదలకుండా నిలబెట్టగలవయ్యా అని చెయ్యి కలిపారు. ఆ నవ్వు మొహం ఫొటో కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

ఈ వెలుగు ఆయనకి ఎక్కడ దొరికింది? ఇప్పటి టర్కీలోని మార్దిన్‌లో పుట్టిన ఆర్మీనియన్ కుర్రాడు. ఆర్మీనియన్ల ఊచకోత చూసిన కుటుంబం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సిరియాలోని అలెప్పో చేరింది. పదహారేళ్ల వయసులో, కెనడాలో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న మేనమామ దగ్గరికి ఒక్కడే వచ్చాడు. డాక్టర్ కావాలనుకున్నాడు. మేనమామ అతన్ని 1928లో బోస్టన్‌లో జాన్ గారో అనే పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ దగ్గర పనికి పెట్టారు. గారో స్టూడియోలో పనంతా పగటి వెలుగుతోనే. తర్వాత ఒట్టావా వచ్చి స్టూడియో పెట్టుకున్నాక, అక్కడి ఔత్సాహిక నాటక బృందంతో తిరుగుతూ స్టేజి లైటింగ్ చూశారు. మొహం మీద ఒక లైటు, వెనక నుంచి ఒకటి, మనసు మారినట్టే వెలుగూ మారడం. నా దృష్టిలో కార్ష్ కార్ష్ అయింది ఆ నాటకాల దగ్గరే. పుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంతో సరిపెట్టేస్తారు, నాకు బాధేస్తుంది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం చేతులు. కార్ష్ చేతులకి విడిగా లైటు పెట్టేవారు. చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్‌ని 1948లో తీసిన ఫొటో చూడు, చేతులు మాట్లాడతాయి.

ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. ముప్పై ఏళ్లు స్టూడియోలో ఉన్నాను. ఒకసారి ఒక దర్జీ పెద్దాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకుని. స్టూలు మీద కూర్చోగానే చేతులు రెండూ తొడల మధ్య దాచుకున్నారు. కుడి బొటనవేలు కత్తెర పట్టీ పట్టీ కాయ కాసి ఉంది, అది చూపించడం ఆయనకి ఇష్టం లేదు. నేనూ భుజాల దగ్గరికి ఫ్రేమ్ కట్టేసి తీశాను. ఫొటో బాగా వచ్చిందని తీసుకెళ్లారు. ఆయన పోయాక కూతురు వచ్చింది. 'నాన్న చేతులు కనిపించే ఫొటో ఒక్కటైనా ఉందా అండీ' అని అడిగింది. నెగటివ్‌లన్నీ వెతికాను. లేదు. ఆ అమ్మాయి మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు చేతులు చూస్తున్నాను.

ఇంకొక్కటి. 1954లో కార్ష్, సెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం వాయించే విద్వాంసుడు పాబ్లో కజాల్స్‌ని ఒక పాత మఠంలో ఫొటో తీశారు. చీకటి గది, పైన చిన్న కిటికీ. కజాల్స్ బాఖ్ సంగీతం వాయిస్తుంటే కార్ష్ కాసేపు పని మర్చిపోయారు. అంతకుముందు ఎవరినీ వెనక నుంచి తీయలేదు, ఆయన్ని మాత్రం వీపు వైపు నుంచే తీశారు. అది బోస్టన్ మ్యూజియంలో పెడితే ఒక ముసలాయన రోజూ వచ్చి దాని ముందు నిలబడేవారట. ఎందుకని అడిగితే, 'ష్, సంగీతం వింటున్నాను' అన్నారని కార్ష్ చెప్పుకునేవారు. మొహం కనపడకుండా కూడా పోర్ట్రెయిట్ అవుతుందని ఎవరైనా కాదంటే ఆ ఫొటో చూపించు.

ప్రశ్న: చర్చిల్ ఫొటో దొంగతనం జరిగిందట కదా, దొరికిందా?

జవాబు: దొరికింది. ఒట్టావాలో కార్ష్ దంపతులు ఏళ్ల తరబడి ఉన్న షాటో లోరియే హోటల్‌కి, ఆయన సంతకం చేసి ఇచ్చిన ప్రింట్ అది. 2021 డిసెంబరు చివర్లోనో 2022 జనవరి మొదట్లోనో ఎవరో దాన్ని తీసేసి నకలు తగిలించి పోయారు. ఎనిమిది నెలలదాకా ఎవరికీ తెలియలేదు. 2022 ఆగస్టులో హోటల్ ఉద్యోగి ఒకరు, ఫ్రేమ్ పక్కవాటితో కలవడం లేదని గమనించారు. సంతకం చూస్తే నకిలీది. అసలు ప్రింట్ ఇటలీలో, జెనోవాలో ఒకాయన దగ్గర తేలింది, దొంగ సొత్తని తెలియకుండానే కొనుక్కున్నారు. 2024లో తిరిగి ఇచ్చేశారు. ఇప్పుడది మళ్లీ ఆ హోటల్‌లోనే ఉంది.